ఒరిజినల్ వినాలా, కవర్ వినాలా? ఎనిమిది రాక్ పాటలు పక్కపక్కన పెట్టి వింటే

హాస్టల్లో ఉన్న రోజుల్లో మా సీనియర్ అన్న ఒకాయన పెన్‌డ్రైవ్ నిండా ఇంగ్లిష్ పాటలు వేసిచ్చాడు, అందులో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ పేరుతో 'ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్' ఉండేది. రెండేళ్లు అది హెండ్రిక్స్ రాసిన పాటే అనుకుని విన్నా. తర్వాత ఎవరో అది బాబ్ డిలన్ పాట కదా అంటే నమ్మలేదు, ఆ రాత్రే వెతుక్కుని డిలన్‌ది విన్నా. ఒక గిటార్, ఒక మౌతార్గాన్, వెనక బేస్, డ్రమ్స్, అంతే, రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. మాటలు అవే, కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వరస అదే, కానీ రెండేళ్లుగా నేను వింటున్న తుఫాను అందులో లేదు. అప్పట్నుంచి ఇదొక అలవాటైపోయింది నాకు, ఏ పాత రాక్ పాట నచ్చినా ముందు ఇది ఎవరిదో చూస్తా, రెండూ దొరికితే వెంటవెంటనే వింటా.

ఇప్పుడిప్పుడే రాక్ వినడం మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే, ఒకే పాటకి రెండు మూడు వెర్షన్లు కనిపిస్తున్నాయి, దేంతో మొదలుపెట్టాలి, ఒరిజినల్ వినకుండా కవర్ (ఒకరి పాటని ఇంకొకరు తమ పద్ధతిలో మళ్లీ పాడింది) వింటే తప్పా అని. తప్పేం లేదండీ. మన కచేరీల్లో ఒకే త్యాగరాజ కృతిని పదిమంది విద్వాంసులు పదిరకాలుగా పాడతారు, ఆయన ఎలా పాడతాడో విందామనే కదా మనం వెళ్లేది, ఎవరూ దాన్ని కవర్ అనరు. రాక్‌లో కూడా మొదట్లో అలాగే ఉండేది, రాసేవాళ్లు వేరు పాడేవాళ్లు వేరు. బీటిల్స్, డిలన్ వచ్చాక ఎవరి పాట వాళ్లే రాసుకుని పాడటం గొప్ప అనే పట్టింపు పెరిగింది, దాంతో ఒరిజినల్ అన్న మాటకి లేనిపోని పవిత్రత వచ్చేసింది.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

నేను ముఖ్యంగా మూడు చూస్తా.

మొదటిది, నడక మారిందా. అంటే వేగం, తాళం, వాయిద్యాలు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఇంకొంచెం గట్టిగా వాయిస్తే అది కాపీ, దానికి ఎంత మంచి గొంతు పెట్టినా ఒరిజినల్‌ని దాటదు.

రెండోది, ఆ మాటలు ఎవరి నోట పడ్డాయి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఇరవై ఏళ్ల కుర్రాడు "నేను అలిసిపోయా" అని పాడటానికీ, డెబ్భై ఏళ్లాయన అదే మాట పాడటానికీ తేడా ఉంటుంది కదా, ఒక్క అక్షరం మార్చకపోయినా అర్థం మారిపోతుంది. మంచి కవర్ అంటే ఒరిజినల్‌లో ఖాళీగా ఉండిపోయిన చోటు ఎక్కడుందో పట్టుకుని అక్కడ కూర్చునేది.

మూడోది, కవర్ విన్నాక వెనక్కి వెళ్లి ఒరిజినల్ వింటే అక్కడ ఇంకా ఏమైనా మిగిలుందా. మిగలకపోతే కవర్ గెలిచినట్టే, చాలా మిగిలుంటే ఒరిజినల్‌ది, రెండింట్లో రెండు వేరే సంగతులు దొరికితే సమానం.

చార్టుల్లో ఎక్కడిదాకా వెళ్లింది, ఎన్ని వ్యూస్ వచ్చాయి అనేది నేను లెక్కలోకి తీసుకోను. 'ప్రౌడ్ మేరీ'నే చూడండి, 1969లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ పాడితే అమెరికాలో 2వ స్థానం దాకా వెళ్లింది, 1971లో ఐక్, టీనా టర్నర్‌లది 4 దగ్గర ఆగింది. నంబర్లు చూస్తే ఒరిజినల్ గెలిచినట్టు, కానీ టీనా పాడింది ఒక్కసారి విన్నాక ఆ మాట ఎవరూ అనరు.

| పాట | ఒరిజినల్ | కవర్ | ఏం మారింది | నా ఓటు |
|---|---|---|---|---|
| ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్ | బాబ్ డిలన్, 1967 | జిమీ హెండ్రిక్స్, 1968 | అంతా | కవర్ |
| హర్ట్ | నైన్ ఇంచ్ నెయిల్స్, 1994 | జానీ క్యాష్, 2002 | పాడే మనిషి వయసు | కవర్ |
| విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్ | బీటిల్స్, 1967 | జో కాకర్, 1968 | తాళం, వేగం | కవర్ |
| ప్రౌడ్ మేరీ | క్రీడెన్స్, 1969 | ఐక్, టీనా టర్నర్, 1971 | పాటని రెండు ముక్కలు చేశారు | కవర్ |
| బ్లాక్ మ్యాజిక్ వుమన్ | ఫ్లీట్‌వుడ్ మ్యాక్, 1968 | సాంటానా, 1970 | తాళవాద్యాలు | కొంచెం కవర్ వైపు |
| వెన్ ద లెవీ బ్రేక్స్ | కాన్సాస్ జో, మెంఫిస్ మిన్నీ, 1929 | లెడ్ జెప్లిన్, 1971 | డ్రమ్స్ | పోల్చలేం |
| ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్ | డేవిడ్ బౌవీ, 1970 | నిర్వాణ, 1993 | పాడే తీరు | సమానం |
| నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్ | బాబ్ డిలన్, 1973 | గన్స్ అండ్ రోజెస్, 1991 | సైజు | ఒరిజినల్ |

వాచ్‌టవర్: దీంతోనే మొదలుపెట్టండి

డిలన్ ఆల్బమ్ 1967 డిసెంబర్ చివర్లో వచ్చింది. నెల కూడా తిరక్కుండానే, 1968 జనవరిలో హెండ్రిక్స్ లండన్‌లో ఒలింపిక్ స్టూడియోలో ఈ పాట మొదలుపెట్టేశాడు, అక్కడితో తృప్తి పడక తర్వాత న్యూయార్క్ తీసుకెళ్లి నెలల తరబడి ట్రాకుల మీద ట్రాకులు ఎక్కించాడు. పన్నెండు తీగల గిటార్ డేవ్ మేసన్‌ది, బేస్ కూడా హెండ్రిక్సే వాయించుకున్నాడు.

డిలన్ పాటలో ఒక చిత్రం ఉంది, పల్లవి లేదు, మూడే చరణాలు, ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, చివర్లో దూరంగా గుర్రాల మీద ఇద్దరు వస్తుంటారు, గాలి ఊళపెట్టడం మొదలవుతుంది, అంతే, పాట ఆగిపోతుంది. కథ మొదలవ్వాల్సిన చోట ఆపేశాడు. ఆ గాలి ఎలా ఉంటుందో డిలన్ మనకి వదిలేశాడు, హెండ్రిక్స్ దాన్ని వాయించి చూపించాడు. నాకైతే ఈ పాట గెలుపంతా ఇక్కడే ఉంది.

మధ్యలో వచ్చే పెద్ద సోలోని కాస్త దగ్గర్నుంచి వినండి. అది ఒక సోలో కాదు, నాలుగు ముక్కలు. మొదట మామూలుగా లీడ్ వాయిస్తాడు, తర్వాత తీగల మీద స్లైడ్ జారుస్తూ ఎకోలో తేలిపోతున్నట్టు, మూడోది వా-వా పెడల్‌తో గిటారే నోరు తెరిచి మాట్లాడుతున్నట్టు, నాలుగోది ఉత్త కార్డ్స్ కొట్టుకుంటూ మళ్లీ పైకి తెస్తాడు. నాలుగు ముక్కల్లో ఏదీ రెండోదాని మీద పడదు, ఒకటి అయిపోగానే ఇంకొకటి తలుపు తీసుకుని వచ్చినట్టు ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో ఇది తెలీదు, మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా సరే పెట్టుకోండి, శబ్దం ఎడమ చెవి నుంచి కుడి చెవికి తిరగడం అప్పుడే తెలుస్తుంది.

మరి డిలన్‌ది వినక్కర్లేదా అంటే, లిరిక్స్ పట్టించుకునేవాళ్లయితే వినాలి. హెండ్రిక్స్‌లో మాటలు గాల్లో కొట్టుకుపోతాయి, డిలన్‌లో ప్రతి మాటా విడివిడిగా వినపడుతుంది. కానీ రెండోసారి విన్నాక చెయ్యి మళ్లీ హెండ్రిక్స్ వైపే పోతుంది.

హర్ట్: మాట ఒక్కటే, మనిషి వేరు

ఇది 1994 పాట, క్లాసిక్ రాక్ ఎలా అవుతుందని కొందరంటారు, సరే, కానీ ఈ లిస్టు నుంచి దీన్ని తీసేస్తే నాకు నిద్రపట్టదు.

నైన్ ఇంచ్ నెయిల్స్ నడిపే ట్రెంట్ రెజ్నర్ దీన్ని రాసినప్పటికి ముప్పై దాటలేదు. ఆయన వెర్షన్‌లో గిటార్ కావాలనే కొంచెం అపశ్రుతిగా ఉంటుంది, వెనకాల గరగరలాడే శబ్దం, చివర్లో అది పెద్దదై పాటని మింగేస్తుంది. తనని తానే గాయపరుచుకుంటున్న కుర్రాడి పాట. మంచి పాటే, అందులో అనుమానం లేదు.

కంట్రీ గాయకుడు జానీ క్యాష్ దీన్ని విడుదల చేసేనాటికి ఆయనకి 70 ఏళ్లు, ఆరోగ్యం బాగా దెబ్బతింది. నిర్మాత రిక్ రూబిన్. శబ్దాలన్నీ తీసేశారు, గిటార్లు, పియానో, ఆయన గొంతు. ఆ గొంతు వణుకుతుంది, కొన్ని చోట్ల ఊపిరి సరిపోదు, దాన్ని ఎక్కడా దాచలేదు. మాటల్లో మార్చింది ఒకే ఒక్కటి, కిరీటం గురించిన బూతుమాట తీసేసి ముళ్ల కిరీటం అని పాడాడు, క్యాష్ భక్తిపరుడు కదా, ఆ ఒక్క మాటతో పాట క్రీస్తు దాకా వెళ్లిపోయింది. తనకి తెలిసినవాళ్లంతా చివరికి వెళ్లిపోతారు అనే మాట కుర్రాడి నోట్లో అలక, డెబ్భై ఏళ్లాయన నోట్లో అది లెక్క. నిజంగానే వెళ్లిపోయారు ఆయన మనుషులు.

చివర్లో పియానోలో ఒకటే స్వరం టక్ టక్ మని మళ్లీ మళ్లీ కొడుతూ ఉంటుంది, మిగతా సంగీతమంతా దాని చుట్టూ పెరుగుతుంది, అది వినండి. మార్క్ రొమానెక్ తీసిన వీడియో కూడా తప్పకుండా చూడండి. మూతపడి పాడుబడిన క్యాష్ మ్యూజియం, పక్కన మెట్ల మీద నిలబడి ఆయన్నే చూస్తున్న భార్య జూన్ కార్టర్, ఆఖర్లో ఆయన పియానో మూత వేసి దాని మీద చెయ్యి పెట్టి నిమురుతాడు. 2003 మే నెలలో ఆవిడ పోయారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన. ఆ వీడియో చూశాక రెజ్నరే ఈ పాట ఇక నాది కాదు అన్న అర్థంలో చెప్పాడు, రాసినవాడే అలా అన్నాక ఇంక మనం అనేదేముంది. మూడ్ బాగోలేని రోజు మాత్రం ఒంటరిగా వినకండి, ఇది నేను సీరియస్‌గానే చెప్తున్నా.

విత్ ఎ లిటిల్ హెల్ప్: గొంతున్నవాళ్లు ఇక్కడికి రండి

బీటిల్స్ ఈ పాటని రింగో స్టార్ కోసం రాశారు, రింగోకి గొంతు ఎక్కువ దూరం వెళ్లదని స్వరాలన్నీ దగ్గర దగ్గరగా పెట్టారు. మిగతావాళ్లు ప్రశ్న వేస్తారు, రింగో జవాబు చెప్తాడు, హాయిగా నవ్వుతూ సాగిపోతుంది. నేను శ్రుతి తప్పి పాడితే ఏం చేస్తారు అని అడగడం రింగో నోట్లో ముద్దుగా ఉంటుంది.

జో కాకర్ షెఫీల్డ్‌లో గ్యాస్ పైపుల పని చేసుకునే మనిషి. ఆయన దీన్ని మూడు దెబ్బల నడకలోకి మార్చి, వేగం సగం చేసి, ముందు చర్చిలో వాయించినట్టు ఆర్గన్ పెట్టి, వెనకాల ఆడగొంతుల కోరస్ పెట్టాడు. రికార్డింగ్‌లో గిటార్ జిమ్మీ పేజ్‌ది, అప్పటికి ఆయన బ్యాండ్ లెడ్ జెప్లిన్ ఇంకా జనానికి తెలీదు. అదే ప్రశ్న కాకర్ అడిగితే అది సరదా కాదు, నిజంగా సాయం కావాల్సిన మనిషి అడుగుతున్నట్టు ఉంటుంది. 1968 నవంబర్‌లో బ్రిటన్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది.

స్టూడియోదా, 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీతోత్సవంలో పాడిందా అంటే, ముందు స్టూడియోది వినండి, తర్వాత వుడ్‌స్టాక్‌ది చూడండి. ఒళ్లంతా ఊగిపోతూ, లేని గిటార్‌ని వాయిస్తున్నట్టు చేతులు తిప్పుతూ, చివర్లో ఒక కేక పెడతాడు, ఆ కేక దగ్గర నేను ప్రతిసారీ వాల్యూమ్ తగ్గించాలనుకుంటా, ప్రతిసారీ పెంచుతా. ఇంట్లో చిన్నపిల్లలతో కలిసి పాడుకోవడానికైతే బీటిల్స్‌దే పెట్టుకోండి, కాకర్‌ది వాళ్లతో పాడలేరు.

ప్రౌడ్ మేరీ, బ్లాక్ మ్యాజిక్ వుమన్

ఈ రెండూ ఒక్కచోట ఎందుకంటే రెండింట్లోనూ కవర్ చేసినవాళ్లు పాటకి ఒంట్లో కదలిక తెచ్చారు.

క్రీడెన్స్‌ది నది మీద పడవ సాగుతున్నట్టు ఒకే వేగంతో పోతుంది, వాళ్ల గాయకుడు జాన్ ఫోగర్టీ గొంతు బావుంటుంది, కారులో పెట్టుకోడానికి ఇంతకంటే మంచి పాట దొరకదు. టీనా ముందు మనతో మాట్లాడుతుంది, మేమేదీ మెత్తగా చెయ్యం, కానీ మొదలు మెత్తగా పెడతాం అని చెప్పి, కింద ఐక్ బరువు గొంతుతో నెమ్మదిగా పాడుతుంది, ఎంత నెమ్మదంటే మీకు ఓపిక నశిస్తుంది, అప్పుడు ఒక్కసారిగా డ్రమ్స్, బాకాలు వచ్చి పడతాయి, అక్కణ్ణుంచి ఆగదు. లైవ్ వీడియో ఏదైనా ఒకటి చూడండి, ఆ కాళ్ల వేగం వింటే తెలిసేది కాదు.

'బ్లాక్ మ్యాజిక్ వుమన్' రాసింది పీటర్ గ్రీన్, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అప్పటికి పక్కా బ్లూస్ బ్యాండ్. సాంటానా అందులో కాంగాలు, టింబాలీలు అనే లాటిన్ అమెరికా డ్రమ్స్ పెట్టి, చివర్లో గాబోర్ జాబో అనే హంగేరియన్ గిటారిస్ట్ స్వరపరిచిన 'జిప్సీ క్వీన్' తగిలించాడు. చిన్నప్పట్నుంచి తబలా, డోలక్, డప్పు వింటూ పెరిగిన మన చెవికి సాంటానాది వెంటనే ఎక్కేస్తుంది, రాక్ అంటే గోల అని భయపడే అమ్మానాన్నలకి వినిపించాలంటే నేను ఇదే పెడతా. కానీ గ్రీన్ గిటార్‌లో ఉన్న ఒంటరితనం సాంటానాలో ఉండదు, అందుకే పూర్తిగా కవర్ గెలిచిందని చెప్పలేకపోతున్నా.

లెవీ, బౌవీ, ఇంకా ఒరిజినలే గెలిచిన ఒకటి

'వెన్ ద లెవీ బ్రేక్స్' 1927 మిసిసిపీ వరదల మీద పుట్టిన పాట, కట్ట తెగితే ఎక్కడికి పోవాలి అని. 1929 రికార్డింగ్‌లో రెండు గిటార్లు, ఒక గొంతు, కబుర్లు చెప్పినంత మామూలుగా పాడేస్తాడు కాన్సాస్ జో. లెడ్ జెప్లిన్‌వాళ్లు ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్లదారి కింద హాల్లో జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టి, మైకులు పైన మెట్ల దగ్గర్నుంచి వేలాడదీశారు, అందుకే ఆ దెబ్బ గదిలో కొట్టినట్టు ఉండదు, బావిలో పడినట్టు ఉంటుంది. ఏడు నిమిషాలు. వరద గురించి పాడటం కాదు, వరదే వస్తున్నట్టు ఉంటుంది. అయినా పోల్చలేం అని ఎందుకన్నానంటే, మొదటిది ఆ వరదని దగ్గర్నుంచి ఎరిగిన కాలం గొంతు, దాన్ని తక్కువ చెయ్యడానికి నాకు మనసు రాదు. డ్రమ్స్ నేర్చుకునేవాళ్లు మాత్రం ఇంకేం ఆలోచించకుండా జెప్లిన్‌ది వినండి.

బౌవీ పాట 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్'ని నిర్వాణ 1993 నవంబర్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కచేరీ కోసం వాయించింది. చాలామంది అది నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ పాటే అనుకుంటారు, పాట అయ్యాక ఇది డేవిడ్ బౌవీ పాట అని ఆయనే చెప్పినా సరే. బౌవీది విచిత్రమైన కలలా ఉంటుంది, నిర్వాణది చెల్లో తోడుగా ఒక మనిషి నిజంగా చెప్పుకుంటున్నట్టు. ఒకటి వింటే రెండోది అనవసరం అనిపించదు నాకు, అందుకే సమానం.

'నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్' విషయంలో మాత్రం నేను గన్స్ అండ్ రోజెస్ ఫ్యాన్స్‌తో ఎన్నిసార్లయినా వాదిస్తా. డిలన్ దీన్ని ఒక సినిమా కోసం రాశాడు, గుండు దెబ్బ తగిలి చనిపోతున్న ముసలి షెరీఫ్ కోసం. రెండున్నర నిమిషాలు, రెండు చరణాలు, చనిపోయే మనిషికి అంతకంటే ఎక్కువ మాట్లాడే ఓపిక ఉండదు. గన్స్ అండ్ రోజెస్ దాన్ని ఐదున్నర నిమిషాలకి సాగదీసి, మధ్యలో టెలిఫోన్ మాటలు పెట్టారు, వాళ్ల గిటారిస్ట్ స్లాష్ సోలో అద్భుతమే, స్టేడియంలో లక్షమంది కలిసి పాడటానికి అద్భుతమే, కానీ ఆ ముసలాయన కనిపించడు. మొదటి కొలతలో పాసై రెండో కొలతలో తప్పిన పాట ఇది.

మీరెవరో చూసుకుని ఎంచుకోండి

రాక్ ఎప్పుడూ విననివాళ్లు సాంటానాతో మొదలుపెట్టి తర్వాత టీనా, ఆ తర్వాత హెండ్రిక్స్. క్యాష్‌ని వెంటనే వినొద్దు, పది పాటలు విన్నాక వినండి.

మాటలు ముఖ్యం అనుకునేవాళ్లు క్యాష్, తర్వాత డిలన్ ఒరిజినల్స్ రెండూ. ఇంగ్లిష్ ఉచ్చారణ పట్టుకోవడం కష్టంగా ఉంటే లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేను ఇప్పటికీ అలాగే వింటా.

గిటార్ నేర్చుకుంటున్నవాళ్లకి 'నాకిన్' కంటే సులువైన మొదటి పాట నాకు తెలీదు, జీ, డీ, ఏ మైనర్, సీ వస్తే చాలు, నేను కూడా హాస్టల్ వరండాలో వేళ్లు బొబ్బలెక్కేదాకా దాంతోనే నేర్చుకున్నా. వాచ్‌టవర్ కూడా మూడే కార్డ్స్, కానీ ముందు డిలన్ పద్ధతిలో వాయించండి, హెండ్రిక్స్ సోలోకి వెంటనే దిగితే గిటార్ అమ్మేయాలనిపిస్తుంది.

స్టేజి మీద పాడేవాళ్లు, కాలేజీ బ్యాండ్ ఉన్నవాళ్లు కాకర్‌ని వినండి, కానీ కాకర్‌ని అనుకరించొద్దు, ఆ గొంతు అరువు దొరకదు. ఆయన రింగో పాటని ఏం చేశాడో, మీరు ఆయన పాటని అలా చెయ్యండి.

టైమ్ ఒక్క సాయంత్రమే ఉంది అంటే, వాచ్‌టవర్ ఒక్కటి తీసుకుని మూడుసార్లు వినండి. ముందు డిలన్ 1967, తర్వాత హెండ్రిక్స్, ఆ తర్వాత డిలన్‌దే 'బిఫోర్ ద ఫ్లడ్' అని 1974లో వచ్చిన లైవ్ ఆల్బమ్‌లోది. మూడోది వినగానే తెలుస్తుంది, మౌతార్గాన్‌తో మెల్లగా పాడిన ఆ మనిషి ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో, హెండ్రిక్స్ వేసిన దారిలో తన పాట తనే పాడుతున్నాడు. హెండ్రిక్స్ చనిపోయాక ఈ పాట అలాగే పాడుతున్నానని డిలనే చెప్పాడు కూడా. ఆయన కచేరీల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు పాడిన పాట కూడా ఇదే.